తగ్గినవారెవరు? – దక్షిణ భారత సంఘైక్య చరిత్ర

కాజీపేటనుండి విజయవాడకు పోవు రైలుమార్గమున డోర్నకల్ అను కూడలి స్టేషను కలదు. ఆ యూరిలో ఒక క్రైస్తవ ప్రార్థనామందిరమున్నది. దాని స్తంభములు మన దేవాలయ మంటపములను, గుమ్మటములు మసీదులను జ్ఞప్తికి తెచ్చును. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగిన ఈ మందిరమును కట్టించినవారు వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు. ఇంగ్లండు రాజ్యసంఘమునుండి పుట్టి పలుదేశములలో వ్యాపించిన క్రైస్తవ శాఖకు ఆంగ్లికను సంఘమని పేరు. ఆ సంఘమున బిషప్పు పదవి నందిన మొదటి భారతీయుడు అజరయ్యగారే. ఆ మందిరమును తలచుకొని నేడు మనమొక చరిత్ర చెప్పుకొందము.

ఒక పెద్ద సంస్థ తన పేరును, తన హోదాను, తన ప్రత్యేకతను చేతులార వదలుకొనిన సందర్భములు చరిత్రలో అరుదు. రాజ్యములు ఓడిపోయి వదలుకొనును. వ్యాపారసంస్థలు దివాలా తీసి వదలుకొనును. దక్షిణ భారతమున ఆంగ్లికను సంఘము 1947లో ఓడకయే వదలుకొనినది. అపుడు తగ్గినవారెవరు, తగ్గలేనివారెవరు, తగ్గలేనివారియెడ తగ్గినవారెట్లు ప్రవర్తించిరి అనునదే ఈ చరిత్రలో మనము తెలిసికొనదగిన విషయము.

క్రైస్తవ గ్రంథములలో వినయమునకు ఒక ప్రత్యేకార్థము కలదు. ఫిలిప్పీ పట్టణమునందలి సంఘమునకు పౌలు వ్రాసిన లేఖ దానికి మూలము. దైవత్వము గలవాడు ఆ పదవిని పట్టుకొని యుండక, తన్ను తాను వెలితి చేసికొని సేవకుని రూపమున దిగివచ్చెనని ఆ లేఖలోని భావము. గ్రీకుభాషనుండి వచ్చిన 'కెనోసిస్' అను మాటతో పండితులు దీనిని వ్యవహరింతురు. మనము ఆత్మరిక్తత యనవచ్చును. పండ్ల బరువుతో వంగిన కొమ్మను మన పెద్దలు వినయమునకు ఉపమానముగా చూపిరి. ఆ కొమ్మ వంగినను పండ్లు దానియందే యుండును. ఆత్మరిక్తత యనగా ఆ పండ్లనుకూడ రాల్చుకొని నిలుచుట. ఇది ఒక వ్యక్తికే కష్టము. ఆస్తులు, నిబంధనలు, ఆచారములు, పూర్వుల సమాధులు గల సంఘమునకు ఎంత కష్టమో ఊహింపవచ్చును. పౌలు ఈ బోధ వ్రాసి పంపినదియు పరస్పర స్పర్ధలు పొడసూపుచున్న సంఘమునకే యని మనము మరువరాదు.

ఆంగ్లికను సంఘములోని స్పర్ధ దాని పుట్టుకతోడనే పుట్టినది. 16వ శతాబ్దమున ఇంగ్లండు సంఘము రోమునుండి విడివడెను. విడివడియు బిషప్పుల వ్యవస్థను, పూర్వపు ఆరాధనక్రమములో కొంతభాగమును నిలుపుకొనెను. మతసంస్కర్తల బోధనుకూడ స్వీకరించెను. అందుచేత ఒకే కప్పుక్రింద రెండు ప్రవృత్తులు కాపురముండెను. అపొస్తలులనుండి చేయి మారుచు వచ్చిన అధికారము బిషప్పుల హస్తనిక్షేపణముద్వారానే గురువులకు సంక్రమించునని, అది లేనిచోట సంస్కారములు సందేహాస్పదములని ఒక పక్షమువారు నమ్మిరి. 1833లో ఆక్సుఫర్డునందు మొదలైన ఉద్యమము ఈ పక్షమునకు కొత్తబలము నిచ్చెను. గ్రంథపఠనము, సువార్తబోధ, హృదయపరివర్తనము ముఖ్యములని, తక్కినవి సంఘపాలనకు అక్కరకు వచ్చు ఏర్పాట్లేయని రెండవ పక్షమువారి అభిప్రాయము.

ఈ రెండు పక్షములును వేర్వేరు మిషను సంస్థలరూపమున మన తెలుగుదేశమునకు వచ్చినవి. 1799లో స్థాపితమైన సి.ఎం.ఎస్. రెండవ పక్షమునకు చెందినది. ఆ సంస్థ పంపిన రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు అనువారు 1841లో బందరు చేరిరి. బందరులోని నోబుల్ కళాశాల పేరు మన శ్రోతలలో పెక్కురెరిగినదే. 1701లో స్థాపితమైన ఎస్.పి.జి. అను సంస్థ మొదటి పక్షమునకు సన్నిహితము. అది కర్నూలు, కడప సీమలలో, ముఖ్యముగా నంద్యాల ప్రాంతమున పనిచేసెను. కాలక్రమమున ఈ రెండు క్షేత్రములును ఒకే అధ్యక్షమండలమున, డోర్నకల్ బిషప్పు పాలనలో చేరినవి. ఇంగ్లండులోని భేదము ఆ విధముగా కృష్ణాతీరమునకును, నల్లమల అంచునకును వచ్చి చేరినది.

ఆంగ్లికనులు గాక తక్కిన శాఖలవారును ఉండిరి. మెదకు సీమలో వెస్లియను మెథడిస్టులు పనిచేసిరి. విశాఖపట్టణమున 1805లోనే లండను మిషను అడుగిడినది. కడప, గుత్తి, బళ్లారి ప్రాంతములుకూడ వారివే. ఒక మిషను ఎల్ల దాటి మరియొక మిషను ఎల్లలోనికి బ్రతుకుతెరువునకై పోయిన క్రైస్తవునికి అక్కడి ప్రభుభోజనపు బల్లయొద్ద చోటు దొరకకపోవచ్చును. ఈ సంఘములలో చేరినవారిలో అధికులు మాల, మాదిగ కుటుంబములవారు. ఊరిచేత వెలివాడలో నుంచబడి, సమానతను కోరి వచ్చినవారు. పరదేశమున రెండు మూడు శతాబ్దములకు పూర్వము జరిగిన తగాదాలు వారిని మరల విడదీయుచుండెను. 1927లో స్విట్జర్లండునందలి లోజాను నగరమున జరిగిన ప్రపంచసభలో అజరయ్యగారు ఈ విషయమునే నొక్కి చెప్పిరి. పాశ్చాత్య దేశములలో ఐకమత్యము ఒక ఆదర్శము కావచ్చును. ఇక్కడ అది సంఘమునకు ప్రాణసమానము, ఇక్కడి విభేదము పాపమేయని ఆయన వాదము.

అజరయ్యగారు తెలుగువారు కారు. 1874లో తిరునల్వేలి జిల్లాలో ఒక ఆంగ్లికను గురువుగారి యింట జన్మించిరి. 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చి, పల్లెపల్లె తిరిగిరి. 1910లో స్కాట్లండునందలి ఎడింబరో నగరమున జరిగిన మిషనరీల మహాసభలో ఆయన చేసిన ప్రసంగము సభ్యులలో కలవరము పుట్టించెను. మిషనరీలు ధనమిచ్చిరి, దేహమిచ్చిరి, ఆ త్యాగమునకు మేము కృతజ్ఞులము. కాని వారు సమానులుగా స్నేహమును ఈయవలసియున్నదని ఆయన కోరిక. ఈ కోరిక చిన్నదిగా తోచును. దానము చేయువాడు మెట్టుమీద నిలిచి చేయవచ్చును. స్నేహము చేయవలెనన్న మెట్టు దిగవలెను. ఆ దిగుటయే పెక్కుమందికి కష్టమయ్యెను.

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుదలవలన 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింటు పాల్సు మందిరమున అజరయ్యగారికి బిషప్పు అభిషేకము జరిగినది. ఒక భారతీయుని క్రింద ఐరోపావారు పనిచేయుటా యని సందేహించినవా రపుడు లేకపోలేదు. అందుచే మొదట ఆయనకు నిజాం రాజ్యములోని కొద్ది ప్రాంతము మాత్రమే యిచ్చిరి. 1920 తరువాతనే కృష్ణా, కర్నూలు సీమలు ఆయన పాలనలోనికి వచ్చెను. ఆయన జీవితాంతమునాటికి డోర్నకల్ మండలమున సభ్యులసంఖ్య రెండు లక్షలు దాటెను. బీదసంఘము పరులపై ఆధారపడి నిలువరాదని ఆయన గట్టి నమ్మకము. వంటకు బియ్యము కొలుచునపుడు పిడికెడు వేరుగా తీసియుంచి సంఘమునకు సమర్పించు అలవాటు ఆ పల్లెల ఇల్లాండ్రలో నుండెను. లేనివారుకూడ ఈయగలరని, ఇచ్చుటవలన వారి గౌరవము పెరుగునని ఆ పిడికెడు బియ్యము చాటినది.

1919 మే 1, 2 తేదీలలో తరంగంబాడిలో ముప్పది ముగ్గురు సంఘసేవకులు కూడిరి. జర్మనీనుండి వచ్చిన జీగెన్‌బల్గు 1706లో దిగిన రేవు అదే. కూడినవారిలో ఇద్దరు తప్ప అందరును భారతీయులే. ఏడుగురు ఆంగ్లికనులు, తక్కినవారు ప్రెస్బిటీరియను, కాంగ్రిగేషనలు శాఖలు కలిసి 1908లో ఏర్పడిన దక్షిణ భారత ఐక్యసంఘమునకు చెందినవారు. ఈ విభేదములు మేము చేసికొన్నవి కావు, మాపై వచ్చిపడినవి, కావున కలిసిపోవుదము అనునది వారి ప్రకటనలోని సారము. బిషప్పుల వ్యవస్థ యుండవలెను, కాని ఆ బిషప్పు సంఘముయొక్క నిబంధనలకు లోబడి యుండవలెను. బిషప్పుల పుట్టుపూర్వోత్తరములనుగూర్చి ఏ సిద్ధాంతమును ఎవరిపైనను రుద్దరాదు అని వారు తలంచిరి.

ఇట్టి ప్రకటనలు వ్రాయుట సులభమే. ఆచరణలో ఏమగునో ఆరేండ్లక్రిందటనే తూర్పు ఆఫ్రికా చూపియుండెను. 1913లో నేటి కెన్యాదేశమునందలి కికుయు అనుచోట ఆంగ్లికనులును ఇతర శాఖలవారును కూడి, సహకారమునకై ఒక ప్రణాళిక వేసికొని, కడపట కలిసి ప్రభుభోజనమున పాల్గొనిరి. ఇది తెలిసి జాంజిబారు బిషప్పు ఫ్రాంకు వెస్టను ఉగ్రుడయ్యెను. అందుపాల్గొనిన ఇద్దరు బిషప్పులపై మతద్రోహవిచారణ జరుపవలెనని కాంటర్‌బరీ ఆర్చిబిషప్పును కోరెను. విచిత్రమేమనగా, ఈ వెస్టనుగారే 1907లో ప్రకటించిన ఒక గ్రంథమున, దైవము మానవుడగునపుడు తన్ను తానెట్లు పరిమితము చేసికొనెనో గంభీరముగా చర్చించియుండెను. ఆత్మరిక్తతనుగూర్చి గ్రంథము వ్రాయుట వేరు, తన పక్షమువారి అధికారము కదలునపుడు నిబ్బరముగా నుండుట వేరు. అయినను ఆయనను పరిహసించి విడుచుట న్యాయము కాదు. 1920లో లండనునందలి లాంబెత్ సౌధమున ప్రపంచపు ఆంగ్లికను బిషప్పులు రెండువందల యేబదికి పైగా సమావేశమై, సమస్త క్రైస్తవులకు ఒక విజ్ఞప్తి చేసిరి. ఐక్యమునకై అవసరమైనచో తామును ఇతరసంఘములనుండి అనుజ్ఞను స్వీకరింపగలమని అందు చెప్పిరి. ఆ విజ్ఞప్తిని సమర్థించినవారిలో వెస్టనుగారొకరు. ఏడేండ్లలో ఆయన చాలదూరము నడచివచ్చెను.

తరంగంబాడిలో పుట్టిన ఆలోచన చట్టబద్ధమగుటకు ఇరువదియెనిమిదేండ్లు పట్టినది. ఎందుకింత ఆలస్యమని ఆశ్చర్యపడనక్కరలేదు. ప్రతిపక్షమును దేనినో విడువవలసియుండెను. కాంగ్రిగేషనలు శాఖవారి పూర్వులు ఇంగ్లండులో బిషప్పుల పెత్తనము సహింపక బయటికి వచ్చి కష్టములకు గురియైనవారు. వారి వారసులిపుడు బిషప్పును అంగీకరింపవలెను. ప్రెస్బిటీరియనులును పెద్దల సభచే జరుగు సంఘపాలనపైన ఒకని నిలుపుటకు సమ్మతింపవలెను. ఆంగ్లికనులు అంతకంటె సున్నితమైనదానిని విడువవలెను. బిషప్పు చేయి తలమీద పెట్టని ఇతరసంఘముల గురువులను మరల అభిషేకింపకయే నిజమైన గురువులుగా ఒప్పుకొనవలెను. ఇకముందు అభిషేకములన్నియు బిషప్పులచేతనే జరుగును. పాతవారు మాత్రము ఉన్నవారున్నట్లే యుందురు. ముప్పదియేండ్ల పిదప ఆ విషయమును మరల ఆలోచింతుము అని ఒడంబడిక జరిగెను. దీనికితోడు, 1930లో ఇంగ్లండు ప్రభుత్వపు కట్టుబాటునుండి విడివడి స్వతంత్రమైన భారత ఆంగ్లికను సంఘమునుండి దక్షిణాది మండలములు బయటికి పోవలెను. ప్రపంచవ్యాప్తమైన ఆంగ్లికను కుటుంబమున తమకున్న పీటను వదలుకొనవలెను.

ఇంగ్లండులో పెద్ద అలజడి లేచెను. 1943లో ప్రఖ్యాతకవి టి. ఎస్. ఎలియట్ ఈ ఐక్యమును ఖండించుచు ఒక చిన్నపుస్తకము ప్రకటించెను. వ్యతిరేకుల వాదములలో బలమైనదానిని మనము న్యాయముగా వినవలెను. ఒకడు తన సొమ్మును ఉదారముగా పంచిపెట్టవచ్చును. ఇతరులు తనయొద్ద ఇల్లడగా ఉంచిన సొమ్మును పంచిపెట్టినచో అది ఔదార్యము కాదు, నమ్మకద్రోహము. పూర్వులు అప్పగించిన గురుపరంపర మన సొత్తు కాదు, ఇల్లడ మాత్రమే. దానిని తేలికచేయు హక్కు నేటి బిషప్పులకు లేదు అని వారి వాదము. ఇది అహంకారము పలికించిన మాటయని త్రోసివేయుటకు వీలులేదు. వినయమునకును బలహీనతకును గల భేదమెక్కడ? తనది వదలుకొనుటకును తన బాధ్యతను వదలుకొనుటకును సరిహద్దెక్కడ? ఈ ప్రశ్నలకు సులభమైన సమాధానములు లేవు.

ఐక్యవాదుల సమాధానము పల్లెలనుండి వచ్చినది. ఇల్లడ సొమ్ము ఎవరికొరకై యుంచబడినదని వారడిగిరి. అది సంఘమంతటికొరకు ఉంచబడినదైనచో, సంఘములో సగముమందికి అందకుండ దానిని దాచియుంచుట కాపుదల కాజాలదు. బిషప్పు పదవి మంచిదైనచో అది లేనివారికి దానిని పంచవలెను. పంచునపుడు, ఇంతకాలము మీయొద్ద నున్నది శూన్యమేయని వారిని అవమానింపరాదు.

ఓట్లు ఒక్కటొక్కటిగా వచ్చినవి. 1943లో మెథడిస్టులు సమ్మతించిరి. 1945 జనవరిలో ఆంగ్లికనుల మహాసభ సమావేశమై, ఏకగ్రీవముగా కాకపోయినను, దక్షిణాది మండలములు ఐక్యమున చేరుటకు అనుమతించెను. 1946లో దక్షిణ భారత ఐక్యసంఘమును అంగీకరించెను. కాని అజరయ్యగారు ఆ నెల మొదటితేదీననే, 1945 జనవరి 1న, డోర్నకల్‌లో కన్నుమూసియుండిరి. ఇరువదియైదేండ్లు దేనికై శ్రమించెనో ఆ తీర్పును వినుటకు ఆయన కొన్నిదినములు మిగులలేదు. నాటిన చేతికి పండు దక్కకపోవుట ఈ చరిత్రలో పలుమారులు కనబడును.

1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులోని సెయింటు జార్జి మందిరమున దక్షిణ భారత సంఘము ప్రారంభమైనది. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి నలుబదిమూడు దినములు. ఉత్తరాన మతముపేర దేశము చీలి, లక్షలజనము ఇల్లు విడిచి పోవుచున్న దినములవి. అట్టి కాలమున సుమారు పదిలక్షల సభ్యులుగల సంఘములు దక్షిణమున ఒకటైనవి. ట్రావెన్‌కూరునకు చెందిన బిషప్పు సి. కె. జేకబ్ ఆరాధనను నడపెను. ఆనాడు తొమ్మండుగురు కొత్త బిషప్పులకు అభిషేకము జరిగెను. మెదకునకు మెథడిస్టు అయిన ఫ్రాంకు విటేకరు, మదురకు స్కాట్లండు ప్రెస్బిటీరియను అయిన ముప్పదియేడేండ్ల లెస్లీ న్యూబిగిన్ బిషప్పులైరి. డోర్నకల్‌లో అజరయ్యగారి తరువాత వచ్చిన ఆంటనీ ఎలియట్ అదేపదవిలో నుండిరి. మొత్తము పదునాలుగు అధ్యక్షమండలములు. వానిలో కొన్ని స్వతంత్ర భారతమునను, కొన్ని ఇంకను విలీనము కాని నిజాం రాజ్యమునను, ఒకటి సింహళములోని జాఫ్నాలోను ఉండెను.

ఆనాటి సంతోషమునకు మూల్యము వెంటనే చెల్లింపవలసివచ్చినది. ఎస్.పి.జి. తన సాధారణనిధినుండి ఐక్యసంఘమునకు సహాయమీయక, ఇష్టపడువారు వేరుగా ఇచ్చు ధనమునకు ప్రత్యేకముగా లెక్క ఏర్పరచెను. 1948నాటి లాంబెత్ సభలో ఈ సంఘపు గురుత్వమును ఒప్పుకొందుమని అధికసంఖ్యాకులు, ఇప్పుడే ఒప్పుకొనలేమని చెప్పుకోదగిన అల్పసంఖ్యాకులు చెప్పిరి. ఐక్యసంఘములోని ఆంగ్లికనులు తమ తల్లిసంఘపు గడపలో నిలిచి పరాయివారైనట్లు తోచెను. 1955లో కాంటర్‌బరీ, యార్కు మతసభలు ఐక్యము తరువాత అభిషిక్తులైనవారిని నిజమైన బిషప్పులుగా, గురువులుగా ఒప్పుకొనుచు తీర్మానించిన పిదపగాని ఈ సందేహము చాలవరకు తొలగలేదు.

తెలుగునాట మిగిలిన గాయము నంద్యాలది. ఎస్.పి.జి. సంప్రదాయమున పెరిగిన అక్కడి ఆంగ్లికనులలో పెద్దభాగము ఐక్యమున చేరుటకు సమ్మతింపలేదు. ప్రపంచ ఆంగ్లికను కుటుంబమునుండి తాము విడిపోజాలమనిరి. వారు కలకత్తాలోని మహాధ్యక్షుని పాలనలో వేరుగానే నిలిచిరి. ఒక్క అజరయ్యగారి పాలనలో పెరిగిన వారు రెండు సంఘములైరి. చేరినవారిలో, చేరనివారిలో బంధువులుండిరి. ఒకే తెలుగులో ప్రార్థించుచు, వేర్వేరు బిషప్పుల క్రింద నుండిరి. ఐక్యమునకై జరిగిన ప్రయత్నమే ఇక్కడ చీలికకు దారి తీయుట చూచి, ఐక్యవాదులు తల వంచుకొనవలసియుండెను.

ఇక్కడనే ఈ చరిత్రలోని అసలు పరీక్ష కనబడును. కలిసినవారు పదిలక్షలు, నిలిచినవారు కొన్నివేలు. అల్పులను ఒత్తిడిచేసి లోబరచుకొనవలెనను కోరిక పుట్టుట సహజము. కాని ఐక్యసంఘపు నిబంధనలలో మొదటినుండియు ఒక ప్రతిజ్ఞ కలదు. ఏ స్థానికసంఘముపైనను దానికి అలవాటులేని ఆరాధనక్రమమునుగాని, దాని మనస్సాక్షి ఒప్పుకొనని గురువునుగాని రుద్దరాదని ఆ ప్రతిజ్ఞ సారము. ఇది చట్టములోని ఒక షరతుగా కనబడినను, నిజమునకు అధికసంఖ్యాకులు తమ చేతులకు తాము వేసికొనిన కట్టు. నంద్యాలవారికై ఆ సంఘము నిరీక్షించినది. ఒకటి రెండేండ్లు కాదు, ఇరువదియేండ్లకు పైబడి నిరీక్షించినది.

ఆ మధ్యకాలమున ఐక్యసంఘము ఇంకొక పని చేసెను. 1950లో ప్రభుభోజనమునకు కొత్త ఆరాధనక్రమము రూపొందించెను. అందు కేరళలోని ప్రాచీన సిరియను క్రైస్తవులనుండి గ్రహించిన ఒక ఆచారము కలదు. గురువునుండి మొదలై, ఒకరి చేతులలో ఒకరు చేతులుంచి సభయంతట శాంతిని అందించుకొనుట. ఇంగ్లండునుండి ప్రార్థనగ్రంథమును అందుకొనిన దేశము, తరువాత పాశ్చాత్య సంఘములు ఆసక్తితో చూచి నేర్చుకొను క్రమమును వ్రాసెను. తమ ప్రార్థనగ్రంథము ఒక్కటే మార్గమను అభిమానమును విడిచినందున, ఆంగ్లికనులకు ఈ కొత్తసంపద దొరకెను.

ఉత్తర భారతమున మరియొక మార్గము త్రొక్కిరి. 1970 నవంబరు 29వ తేదీన నాగపూరున ఉత్తర భారత సంఘము ఏర్పడినపుడు, ఎవరి గురుత్వము ఎక్కువ, ఎవరిది తక్కువ యను ప్రశ్నకు తావీయక, అన్ని శాఖల బిషప్పులును గురువులును పరస్పరము హస్తనిక్షేపణము పొందిరి. ఆంగ్లికను బిషప్పుకూడ ఇతరుల చేతులక్రింద తలవంచెను. లాంబెత్ సభ 1920లో మాటగా చెప్పినది అర్ధశతాబ్దమునకు చేతలలోనికి వచ్చెను. దీనితో పాత భారత ఆంగ్లికను సంఘమే ఐక్యసంఘమున కలిసిపోయెను. 1970వ దశకముననే నంద్యాలవారును దక్షిణ భారత సంఘమున చేరిరి. వారు ఓడి రాలేదు. తమ మండలముతో, తమ గౌరవముతో వచ్చిరి. ఆంగ్లికను సమాఖ్యయు దక్షిణ భారత సంఘమును తరువాత పూర్తిసభ్యత్వముతో స్వీకరించినది. వదలుకొనిన పీట, అడుగకయే తిరిగివచ్చెను.

ఈ చరిత్రకు మరియొక అధ్యాయము ఇటీవల జతపడినది. 2013లో దక్షిణ భారత సంఘమున మొట్టమొదటి స్త్రీ బిషప్పుగా పుష్పలలితగారు అభిషిక్తురాలైరి. ఆమెకు అప్పగింపబడిన మండలము నంద్యాల. గురుపరంపరయందలి స్వల్పమైన మార్పును సహింపలేక 1947లో వేరుగా నిలిచిన సీమయే, అరువదియారేండ్లకు, ఆ పరంపరలో అంతకుముందెన్నడు లేని మార్పునకు స్థానమైనది. బలవంతము చేసియుండినచో ఈ దినము వచ్చెడిదా యని మనము ఆలోచింపవలెను.

ఐక్యసంఘము స్వర్గమైనదని మేము చెప్పబోము. ఆస్తివివాదములు, ఎన్నికల స్పర్ధలు, కులాభిమానములు, కోర్టువ్యాజ్యములు ఆ సంఘమునుకూడ విడువలేదు. ప్రపంచ ఆంగ్లికను సమాఖ్య స్త్రీల అభిషేకము, వివాహము మొదలైన ప్రశ్నలపై నేటికిని చీలికలతో బాధపడుచునే యున్నది. సంఘములను కలుపు పత్రములు మనుష్యులను కలుపజాలవు. ఒకతరము తగ్గి సంపాదించిన ఐక్యమును తరువాతితరము మరల తగ్గియే నిలుపుకొనవలెను.

మన యిండ్లలో అన్నదమ్ముల పంపకములు జరుగునపుడు, చిన్నవాడు తగ్గవలెనని పెద్దవాడును, పెద్దరికము గలవాడే తగ్గవలెనని చిన్నవాడును చెప్పుట వినని మాట కాదు. ఎదుటివాని వినయమునుగూర్చి ఇద్దరును చక్కగా ఉపన్యసింతురు. ఆంగ్లికను సంఘములోని రెండు పక్షములును చాలకాలమట్లే చేసినవి. ఎదుటివారిని కోరినంతకాలము వినయము వాదముగానే మిగిలెను. అజరయ్యగారు తన మండలపు పేరును విడుచుటకు సిద్ధపడినపుడు, కాంగ్రిగేషనలువారు తమ పూర్వుల పగను మరచినపుడు, అధికసంఖ్యాకులు నంద్యాలవారిని నొప్పింపక నిరీక్షించినపుడు అది ఆచరణమయ్యెను.

తగ్గినవారెవరు అని మొదట మనము ప్రశ్నించుకొంటిమి. ఒక్కరి పేరు చెప్పుటకు వీలులేదు. తగ్గుటకు మొదటివరుస ఎదుటివారిది కాదు, తమదేయని తలంచినవారందరును తగ్గినవారే. వారిలో కొందరు, డోర్నకల్ మందిరపు నీడలో నిద్రించుచున్న ఆ బిషప్పుగారివలె, ఫలమును కన్నులార చూడలేదు. అయినను నేడు మెదకునుండి నంద్యాలకు పోయిన దక్షిణ భారత సంఘపు కుటుంబమునకు అక్కడి బల్లయొద్ద చోటున్నది. నీవే మిషనువాడవని అడుగువారు లేరు.